సర్వీస్ రోజురోజుకీ సీపీయూ ఎక్కువ తింటోంది, రీస్టార్ట్ చేస్తే తగ్గిపోతోంది: కొత్త సర్వర్ కొనాలా?

ముందు మీ సమస్య నాకు అర్థమైనట్టు చెప్తాను, ఎక్కడైనా తేడా ఉంటే సరిచేయండి. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు రైతుల బోర్లకు 320 మొబైల్ స్టార్టర్లు, అంటే ఫోన్‌తో మోటారు ఆన్, ఆఫ్ చేసే పెట్టెలు, బిగించారు. ఒక్కోదాంట్లో ఒక సిమ్. అవన్నీ అనంతపురంలో మీ ఆఫీసులో ఉన్న ఉబుంటు సర్వర్‌కు కనెక్ట్ అయి 30 సెకన్లకోసారి ఓల్టేజీ, ఆంపియర్లు పంపుతుంటాయి. వాటిని అందుకునే సర్వీస్‌ను మీకంటే ముందు పనిచేసినాయన పైథాన్‌లో రాసిపెట్టి వెళ్లిపోయారు. స్టార్ట్ చేసిన రోజు సీపీయూ 8 శాతం ఉంటుంది. రోజూ కొంత పెరుగుతూ పదో రోజుకు 80 దగ్గరికి వస్తుంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ 8. డివైస్‌లు పెరగలేదు, అవి పంపే డేటా పెరగలేదు. 16 కోర్ల కొత్త సర్వర్ కొందామని మీ ఓనరు అంటున్నారు. కొనాలా వద్దా, అసలు తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి అన్నది మీ ప్రశ్న.

కొనొద్దు. మీ సర్వీస్‌కు పని పెరగలేదు. అవతలి డివైస్ ఎప్పుడో ఆరిపోయిన కనెక్షన్లను అది ఇంకా పట్టుకుని కూర్చుంది. అవి రోజూ పోగవుతున్నాయి. ఆ జాబితా మొత్తాన్నీ అది సెకనుకు ఎన్నోసార్లు మొదటినుంచి చివరిదాకా తిరగేస్తోంది. కోడ్ చూడకుండా ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, మీ ప్రశ్నలోనే రెండు ఆధారాలున్నాయి. మీరు వాటిని వేరే సమస్యలనుకుని చివర్లో రాశారు.

కొత్త సర్వర్ ఎందుకు వద్దో ముందే చెప్పేస్తాను, ఓనరుగారికి మీరు చెప్పాల్సింది అదే కాబట్టి. ఏ ప్రోగ్రాం ఎంత సీపీయూ తింటోందో చూపే టాప్ కమాండ్‌లో కనిపించే 80 శాతం ఒక కోర్‌లో 80 శాతం. నాలుగు కోర్ల మెషీన్‌లో మొత్తం 400 అని లెక్క. మీ సర్వీస్ ఒకే థ్రెడ్‌లో, అంటే ఒకసారికి ఒకే పని చేసే వరసలో, నడుస్తోందన్నారు. అలాంటి పైథాన్ ప్రోగ్రాం ఒక కోర్‌ను మించి వాడుకోలేదు. 16 కోర్లు కొంటే 15 ఖాళీగా కూర్చుంటాయి, ఇదొక్కటే మళ్లీ పన్నెండో రోజుకో పదమూడో రోజుకో నిండిపోతుంది. లక్షల ఖర్చు పెట్టి కొన్నాక పదో రోజున అదే 80 కనిపిస్తే మాట మీ మీదికే వస్తుంది.

మొదటి ఆధారం. "మొదట్లో నాలుగో రోజుకే టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అని వచ్చి సర్వీస్ ఆగిపోయేది, ఫ్రెండ్ చెప్తే లిమిట్ 65,535 చేశాం, తర్వాత ఆగలేదు" అని రాశారు. లినక్స్‌లో (మీ ఉబుంటు కూడా లినక్సే) ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్లకు మామూలుగా ఉండే లిమిట్ 1024. ప్రతి నెట్‌వర్క్ కనెక్షన్ కూడా ఒక ఫైల్ కిందే లెక్క. మీకున్నవి 320 డివైస్‌లు. లాగ్ ఫైలు, డేటాబేస్ కనెక్షన్, ఇంకో పదో పరకో కలిపినా 350 దాటకూడదు. మరి 1024 ఎలా నిండింది? 320ని మూడుతో గుణిస్తే 960, నాలుగుతో గుణిస్తే 1280. అంటే నాలుగో రోజు డివైస్‌లు కనెక్ట్ అవుతుండగా లిమిట్ దాటింది. రోజుకు ఒక్కో డివైస్ ఒక కొత్త కనెక్షన్ తెరుస్తోంది, పాతది మూతపడట్లేదు. ఆ ఎర్రర్ మీకు జబ్బు ఉందని చెప్పడానికే వచ్చింది. లిమిట్ పెంచడంతో జ్వరం చూపించే థర్మామీటర్‌ను తీసి పక్కన పెట్టినట్టయింది. ఫ్రెండ్‌ను తప్పుపట్టను, వెతికితే ఎక్కడైనా దొరికే మొదటి సలహా అదే.

సీపీయూ లెక్క కూడా ఇలాగే కుదురుతుంది. 320 కనెక్షన్లకు 8 శాతం అయితే పది రోజులకు 3200 కనెక్షన్లు, 80 శాతం. ఇంత సూటిగా పెరిగిందంటే జాబితాలో ఎన్ని ఉంటే అంత పని జరుగుతోందని అర్థం.

రెండో ఆధారం దీనికంటే ముఖ్యం. "కొందరు రైతులు ఫోన్‌లో ఆఫ్ కొట్టినా మోటారు ఆగట్లేదంటున్నారు, సిగ్నల్ ప్రాబ్లం అనుకుంటున్నాం" అన్నారు. సిగ్నల్ కాకపోవచ్చు. ఒకే డివైస్‌కు జాబితాలో పది సెషన్లు, అంటే పది కనెక్షన్ల నమోదులు, ఉంటే మీ సర్వీస్ ఏ సెషన్‌కు ఆఫ్ కమాండ్ పంపుతోంది? మొదటినుంచి వెతుక్కుంటూ వెళ్లి మొదట కనిపించినదానికే పంపుతుంటే, అది పది రోజుల కిందట చచ్చిపోయిన కనెక్షన్. కమాండ్ గాల్లో కలిసిపోతుంది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. బోర్లో నీళ్లు అయిపోయాక కూడా తిరిగితే కాలిపోతుంది. రివైండింగ్ ఖర్చు సరే, మన జిల్లాల్లో ఉన్న లోతుకు పైపులు పైకి లాగి మళ్లీ దించే ఖర్చు ఎంతో మీకు తెలుసు. అందుకే దీన్ని సీపీయూ సమస్యగా మాత్రమే చూడొద్దని బతిమాలుతున్నాను. రేపు పొద్దునే మొదలుపెట్టండి.

కనెక్షన్ చచ్చిపోతే సర్వర్‌కు తెలియదా అని మీకు అనుమానం రావొచ్చు. తెలియదు. చుట్టం వెళ్లొస్తానని చెప్పి వెళ్తే తలుపు వేసుకుంటాం. చెప్పకుండా వెళ్తే స్నానానికి వెళ్లాడేమో అనుకుని కంచం పెట్టి ఎదురుచూస్తాం. మీ డివైస్‌కూ సర్వర్‌కూ మధ్య ఉండే టీసీపీ కనెక్షన్ సరిగ్గా ఇంతే. డివైస్ మామూలుగా మూసుకుంటే ఫిన్ అనే ప్యాకెట్ వస్తుంది, సర్వర్ కూడా మూసేస్తుంది. కరెంటు పోయి డివైస్ ఒక్కసారిగా ఆరిపోతే ఏ ప్యాకెట్టూ రాదు. సర్వర్ దృష్టిలో ఆ కనెక్షన్ ఎస్టాబ్లిష్డ్, అంటే కలిసి ఉన్న స్థితిలోనే, నిక్షేపంగా ఉంటుంది.

మీ స్టార్టర్లు త్రీఫేజ్ లైను మీదే బతుకుతాయి, బ్యాటరీ లేదన్నారు. వ్యవసాయానికి త్రీఫేజ్ ఇచ్చేది పగలు 9 గంటలు. సబ్‌స్టేషన్‌లో ఫీడర్ (పొలాలకు వెళ్లే కరెంటు లైను) ఆపిన క్షణాన దాని మీదున్న స్టార్టర్లన్నీ మాట చెప్పకుండా ఆరిపోతాయి. మర్నాడు కరెంటు రాగానే కొత్తగా కనెక్ట్ అవుతాయి. మధ్యలో లైను ట్రిప్ అయిన రోజు రెండు మూడు సార్లు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఆఫీసులో కూర్చుని టెస్ట్ చేస్తే ఈ బగ్ ఎప్పటికీ బయటపడదు, అక్కడ డివైస్ ప్లగ్‌లో 24 గంటలూ వెలుగుతూ ఉంటుంది. మన పొలాల్లోనే బయటపడుతుంది.

అవతలివాడు ఉన్నాడా అని పలకరించి చూసే కీప్‌అలైవ్ అనేది ఉంది కదా అని ఎవరో ఒకరు అంటారు. ఉంది, కానీ అది దానంతటది పనిచేయదు. సాకెట్ (ప్రోగ్రాం చేతిలో ఉండే కనెక్షన్ కొస) మీద ప్రోగ్రాం అడిగితేనే లినక్స్ దాన్ని మొదలుపెడుతుంది. అడిగినా డిఫాల్ట్ విలువలు చాలా బద్ధకమైనవి. 7200 సెకన్లు నిశ్శబ్దంగా ఉన్నాక మొదటి పలకరింపు, తర్వాత 75 సెకన్లకోసారి 9 సార్లు. మొత్తం 2 గంటల 11 నిమిషాలు దాటాక గానీ కనెక్షన్ పోయిందని తేల్చదు. ఆ బద్ధకపు కీప్‌అలైవ్ ఉన్నా సరే, రాత్రి గడిచేసరికి మీ జాబితా ఖాళీ అయిపోయి ఉండేది. పది రోజులు పోగయిందంటే మీ కోడ్‌లో అది అసలు ఆన్‌లోనే లేదు.

ఇంకో సంగతి. సర్వర్ ఏదైనా పంపి ఉంటే కూడా తెలిసేది. పంపిన డేటాకు జవాబు రాకపోతే లినక్స్ డిఫాల్ట్‌గా 15 సార్లు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, సుమారు పావుగంటలో ఎర్రర్ ఇస్తుంది. మీ సర్వీస్ వినడమే తప్ప మాట్లాడదు, రైతు బటన్ నొక్కితేనే మాట్లాడుతుంది. వినేవాడికి అవతలివాడు పోయాడో మౌనంగా ఉన్నాడో తేడా తెలియదు.

ఇప్పుడు దీన్ని రుజువు చేయడం. రీస్టార్ట్ చేయకముందే చేయండి. రీస్టార్ట్ చేస్తే సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది. నాకు వచ్చే కేసుల్లో ఎక్కువగా జరిగే నష్టం ఇదే, టెన్షన్‌లో ముందు రీస్టార్ట్ కొట్టేసి తర్వాత ఫోన్ చేస్తారు.

ప్రోక్ డైరెక్టరీలో మీ ప్రాసెస్ నంబరు కింద ఎఫ్‌డి అని ఒక డైరెక్టరీ ఉంటుంది, అది తెరిచి ఉంచిన ఫైళ్లు, కనెక్షన్ల జాబితా అన్నమాట. అందులో ఎన్ని ఎంట్రీలున్నాయో లెక్కపెట్టండి. 350 లోపు ఉంటే నేను చెప్పింది తప్పు, కిందకు వెళ్లి మిగతా కారణాలు చూడండి. 3000 దగ్గర ఉంటే సగం తేలిపోయినట్టే.

తర్వాత, కనెక్షన్లన్నీ చూపే ఎస్‌ఎస్ కమాండ్. దానికి చిన్న ఐ ఆప్షన్ ఇస్తే ప్రతి కనెక్షన్ కింద ఒక పొడుగాటి లైన్ వస్తుంది. అందులో లాస్ట్‌ఆర్‌సివి అనే అంకె చూడండి. అవతలినుంచి చివరిసారి డేటా వచ్చి ఎన్ని మిల్లీసెకన్లయిందో అది చెప్తుంది. బతికున్న డివైస్ 30 సెకన్లకోసారి మాట్లాడుతుంది కాబట్టి ఆ అంకె 30,000 దాటకూడదు. 8 కోట్ల 64 లక్షలు ఉంటే ఒక రోజు. 25 కోట్లు దాటితే మూడు రోజులు. మీకు వరసగా కోట్లు కనిపిస్తాయని నా అంచనా. చిన్న ఓ ఆప్షన్ కూడా ఇస్తే టైమర్ కనిపిస్తుంది. కీప్‌అలైవ్ అన్న మాట ఏ కనెక్షన్ పక్కనా లేకపోతే అది ఆన్‌లో లేదన్నది కూడా ఖాయం.

మూడోది, సీపీయూ ఎక్కడ ఖర్చవుతోందో చూడటం. పైథాన్ కాబట్టి పై-స్పై అనే టూల్ వేసుకోండి. నడుస్తున్న సర్వీస్‌ను ఆపకుండానే ఏ ఫంక్షన్‌లో ఎంత సమయం పోతోందో చూపిస్తుంది. ప్రోగ్రాం లినక్స్‌ను అడిగే ప్రతి పనినీ చూపే స్ట్రేస్ కూడా మంచిదే కానీ అది ప్రాసెస్‌ను బాగా నెమ్మదిగా చేస్తుంది. పగటిపూట మోటార్లు నడుస్తుండగా దాన్ని పెట్టొద్దు, రాత్రి పెట్టుకోండి. సెకనుకు వందసార్లు లేచి "ఎవరికైనా పంపాల్సింది ఉందా" అని సెషన్లన్నీ తిరిగే లూప్ ఒకటి మీకు కనబడొచ్చు. 320 ఉన్నప్పుడు అది సెకనుకు 32,000 చూపులు. 3200 అయితే 3,20,000. పైథాన్‌లో అంత తిరిగితే ఒక కోర్‌లో చాలా భాగం అక్కడే పోతుంది.

పీఎస్ కమాండ్‌లో వచ్చే సీపీయూ శాతాన్ని నమ్మి లెక్కలు వేయొద్దు. అది ఆ క్షణానిది కాదు, ప్రాసెస్ పుట్టినప్పటినుంచి సగటు. నిన్న సాయంత్రం ఏం జరిగిందో అందులో కనిపించదు. టాప్ గానీ, సిస్‌స్టాట్ ప్యాకేజీలో వచ్చే పిడ్‌స్టాట్ గానీ వాడండి. పిడ్‌స్టాట్‌ను నిమిషానికోసారి ఫైల్లోకి రాసేలా పెట్టి, పక్కనే ఎఫ్‌డి లెక్క కూడా రాయించండి. మూడు రోజులు చాలు.

ఆ మూడు రోజుల అంకెలు ఎందుకంత ముఖ్యమో నా అనుభవం చెప్తాను. 2013 ఎండాకాలం, కర్నూలు వన్ టౌన్‌లో ఒక కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసు. కస్టమర్ల కంప్యూటర్లలో ఒక చిన్న లాగిన్ ప్రోగ్రాం ఉండేది, అది ఆన్‌లో ఉన్నంతసేపు సర్వర్‌తో కనెక్షన్ పట్టుకుని ఉండాలి. సర్వర్‌లో లాగిన్ సర్వీస్ సీపీయూ వారం తిరిగేసరికి నిండిపోయేది. రాత్రి తొమ్మిదికి జనమంతా నెట్‌లో ఉన్న టైములో కొత్త లాగిన్‌లు పడేవి కావు. నేను ఒక నోట్‌బుక్ తీసుకుని గంటకోసారి రెండు అంకెలు రాశాను, తెరిచిన కనెక్షన్లు, సీపీయూ. మెల్లగా వాలుగా పెరుగుతుందనుకున్నాను. అలా లేదు. గంటల తరబడి ఒకే అంకె, ఉన్నట్టుండి ఒక మెట్టు పైకి, మళ్లీ గంటలపాటు అదే. మెట్లు రోజూ ఒకే టైముకు రాలేదు.

ఆ ఆఫీసులో జనరేటర్ రిజిస్టర్ ఒకటి గోడకు మేకు కొట్టి దారంతో వేలాడదీసి ఉండేది. తేదీ, ఆన్ చేసిన టైము, ఆపిన టైము, పోసిన డీజిల్ లీటర్లు, వాచ్‌మన్ సంతకం. అట్ట మీద డీజిల్ మరకలు. టీ తాగుతూ ఊరికే తిరగేస్తుంటే మధ్యాహ్నం 1:10కి ఆన్ అని ఉంది. నా నోట్‌బుక్‌లో ఒంటి గంటకూ రెండింటికీ మధ్య మెట్టు. ముందు రోజు 10:40కి ఆన్, నా దగ్గర పదికీ పదకొండుకీ మధ్య మెట్టు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి ఆ వారమంతా టిక్కులు పెట్టుకుంటూ వెళ్లాను, ఒక్కటి కూడా తప్పలేదు. ఆఫీసుకు జనరేటర్ ఉంది కాబట్టి సర్వర్ ఆగదు. కస్టమర్ల ఇళ్లల్లో యూపీఎస్‌లు లేవు, కంప్యూటర్లు ఫట్‌మని ఆగిపోతాయి. కరెంటు వచ్చాక అందరూ మళ్లీ లాగిన్ అవుతారు, పాత కనెక్షన్లు అలాగే ఉంటాయి.

మీ దగ్గర జనరేటర్ పుస్తకం అవసరం లేదు. సబ్‌స్టేషన్‌లో ఫీడర్ ఎప్పుడు ఆన్ చేశారో లైన్‌మ్యాన్‌ను అడిగితే చెప్తాడు. మీ మెట్లు ఆ టైములకు పడతాయో లేదో చూడండి. పడితే ఓనరుగారికి ఆ కాగితమే చూపించండి, ఆయనకు కోడ్ అర్థం కానక్కర్లేదు.

సరే, మందు. నాలుగు మార్పులు, ముఖ్యమైనది ముందు.

ఒక డివైస్ కొత్తగా కనెక్ట్ అయి తన ఐడీ చెప్పగానే, అదే ఐడీతో ఉన్న పాత సెషన్‌ను మూసేయండి. ఒక్క మార్పే చేయగలిగితే ఇదే చేయండి. జాబితా 320 దాటదు, ఆఫ్ కమాండ్ కూడా సరైన చోటికి వెళ్తుంది. దీన్లో ఒక చిక్కుంది, ముందే తెలుసుకోండి. ఆదోని దగ్గర ఒక చోట బిగించే అబ్బాయి ఒక డివైస్ సెట్టింగులు ఇంకోదానికి అలాగే కాపీ చేశాడు, రెండింటికీ ఒకే ఐడీ. ఈ మార్పు పెట్టగానే అవి రెండూ ఒకదాన్నొకటి బయటికి నెట్టుకోవడం మొదలుపెట్టాయి, రోజంతా. లాగ్‌లో ఒకే ఐడీ కొన్ని సెకన్లకోసారి మళ్లీ మళ్లీ కనెక్ట్ అవుతుంటే అదే కారణం. అలాంటివి ముందు పట్టుకుని ఐడీ మార్పించండి. ఇది పెట్టకముందు కూడా ఆ రెండు పొలాల మోటార్లలో ఒకరి బటన్‌కు ఇంకొకరి మోటారు ఆగేది, ఎవరికీ అర్థం కాలేదంతే.

రెండోది, నిశ్శబ్దానికి గడువు. 30 సెకన్లకోసారి మాట్లాడాల్సిన డివైస్ 150 సెకన్లు మాట్లాడకపోతే, అంటే ఐదు వరసలు తప్పితే, మూసేయండి. మరీ 60 సెకన్లు పెట్టొద్దు. పల్లెల్లో సిగ్నల్ ఒక నిమిషం పోయి రావడం మామూలే, బతికున్న కనెక్షన్‌ను మనమే తెంచి మళ్లీ కనెక్ట్ చేయించినట్టవుతుంది. కనెక్ట్ అయ్యాక 20 సెకన్లలో ఐడీ చెప్పనివాటిని కూడా మూసేయండి. మీ పోర్టు, అంటే సర్వర్ కనెక్షన్లు అందుకునే ద్వారం, ఇంటర్నెట్‌కు తెరిచి ఉంది కదా, ఎక్కడెక్కడినుంచో స్కాన్ చేసే ప్రోగ్రాంలు తలుపు తట్టి ఏమీ మాట్లాడకుండా నిలబడతాయి. ఎస్‌ఎస్ జాబితాలో మీ సిమ్ కంపెనీవి కాని ఐపీలు కనిపిస్తే అవే.

మూడోది, రెండో కాపలాగా కీప్‌అలైవ్. ఆన్ చేసి, 120 సెకన్ల నిశ్శబ్దం తర్వాత మొదలయ్యేలా, 30 సెకన్లకోసారి, 4 సార్లు అని సాకెట్ మీదే సెట్ చేయండి. నాలుగు నిమిషాల్లో తేలిపోతుంది. సిస్టమ్ మొత్తానికి ఉండే విలువలు మార్చొద్దు, ఇతర సర్వీస్‌లకు కూడా తగులుతాయి. బతికున్న డివైస్ ఎలాగూ 30 సెకన్లకోసారి మాట్లాడుతుంది కాబట్టి సిమ్ డేటా ఏమీ పెరగదు. మొబైల్ కంపెనీలు కూడా చాలాసేపు మాట్లాడని కనెక్షన్‌ను తమ పట్టికలోంచి తీసేస్తాయి, ఆ సంగతి కూడా ఇటు డివైస్‌కు గానీ అటు సర్వర్‌కు గానీ చెప్పవు. అలా పోయినవి కూడా ఈ గడువుల్లో దొరుకుతాయి.

నాలుగోది, జాబితా బదులు ఐడీతో వెతికే డిక్షనరీ వాడటం, సెకనుకు వందసార్లు లేచే లూప్‌ను తీసేసి పని ఉన్నప్పుడే లేచేలా చేయడం. ఇది తీరిగ్గా చేసుకోవచ్చు. మొదటి మూడూ చేయకుండా ఇదొక్కటే చేస్తే మాత్రం ప్రమాదం. సీపీయూ పెరగడం కనిపించదు, చచ్చిన కనెక్షన్లు పెరుగుతూనే ఉంటాయి.

మూసేటప్పుడు ఒక జాగ్రత్త, ఇక్కడే చాలామంది కొత్త బగ్ తెచ్చుకుంటారు. ఏ కనెక్షన్ మీద పని వచ్చిందో లినక్స్‌ను అడిగి తెలుసుకోవడానికి మీ కోడ్ పోల్ వాడుతోందన్నారు. ముందు పోల్ జాబితాలోంచి అన్‌రిజిస్టర్ చేయండి, తర్వాతే సాకెట్ క్లోజ్ చేయండి. తిరగేసి చేస్తే, అంటే క్లోజ్ చేసి అన్‌రిజిస్టర్ మరిచిపోతే, పోల్ ఆ మూసిన నంబరు మీద చెల్లదు అంటూ వెంటవెంటనే తిరిగొస్తూ ఉంటుంది, కోర్ 100 శాతానికి వెళ్లిపోతుంది. అదే నంబరు కొత్త కనెక్షన్‌కు వస్తే ఇంకా గందరగోళం. సెషన్ల జాబితాలోంచి, ఐడీ పట్టికలోంచి, పంపాల్సిన మెసేజ్‌ల క్యూలోంచి, అన్నింటిలోంచీ తీసేయడానికి ఒకే ఫంక్షన్ రాసి, మూయాల్సిన ప్రతి చోటా దాన్నే పిలవండి. జాబితా మీద తిరుగుతూ అందులోంచే తీసేయొద్దు, పక్కవి తప్పిపోతాయి. కాపీ మీద తిరగండి.

లిమిట్ సంగతి. 65,535ను 2048కి దించమంటాను. 320 డివైస్‌లకు అదే ఎక్కువ. రేపు ఇలా మూయకుండా వదిలేసే లీక్ ఇంకోటి వస్తే వారంలో చెప్పేస్తుంది. లాగ్‌లో 600 దాటగానే ఒక హెచ్చరిక రాయించుకుంటే ఇంకా మంచిది. ఆ లిమిట్ నిండినప్పుడు సర్వీస్ రాసిన తీరును బట్టి రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. మీది ఆగిపోయింది. కొన్ని ఆగవు, కొత్త కనెక్షన్ తీసుకోలేక, తలుపు దగ్గర అది ఇంకా ఉందని పోల్ చెప్తుంటే మళ్లీ ప్రయత్నించి, మళ్లీ విఫలమై, ఊపిరి తీసుకోకుండా తిరుగుతాయి. మెల్లగా పెరిగిన సీపీయూ ఒక్కసారిగా 100కు అంటుకుపోతే ఇది చూడాలి. స్ట్రేస్‌లో యాక్సెప్ట్ (కొత్త కనెక్షన్‌ను లోపలికి తీసుకోవడం) అనే మాట, పక్కన అదే టూ మెనీ ఓపెన్ ఫైల్స్, వేల లైన్లు ఒకే రకంగా కనిపిస్తాయి.

ఎఫ్‌డి లెక్క 350 లోపే ఉందనుకోండి, అప్పుడు సంగతి వేరు. కనెక్షన్ మూస్తున్నారు కానీ లోపలి పట్టికలోంచి తీయట్లేదేమో. పై-స్పై ఆ లూప్‌ను చూపిస్తుంది, ఒక్కో పట్టికలో ఎన్ని ఉన్నాయో నిమిషానికోసారి లాగ్‌లో రాయించండి. మీ మాదిరి పైథాన్ కాకుండా జావా సర్వీస్ అయితే నేను ముందు మెమరీ చూస్తాను. కడపలో ఒక కాలేజీ హాజరు సర్వీస్ ఇలాగే నెలకోసారి సీపీయూ నింపేసేది, కనెక్షన్ల సంఖ్య కదలలేదు. టాప్‌లో పెద్ద హెచ్ నొక్కి థ్రెడ్లవారీగా చూస్తే తింటున్నవన్నీ గార్బేజ్ కలెక్టర్ థ్రెడ్లు, అంటే వాడని మెమరీని ఖాళీ చేసేవి. విద్యార్థుల ఫోటోలు మెమరీలో దాచుకుంటూ పోయింది, ఎప్పుడు తీసేయాలో ఎవరూ చెప్పలేదు. హీప్ (జావా వాడుకునే మెమరీ) నిండేకొద్దీ ఖాళీ వెతకడానికే సీపీయూ అంతా పోయింది.

ఎస్‌ఎస్‌లో క్లోజ్-వెయిట్ అని గుట్టలుగా కనిపిస్తే అది కరెంటు తప్పు కాదు, నెట్‌వర్క్ తప్పూ కాదు. అవతలివాడు వెళ్లొస్తానని చెప్పాడు, మన ప్రోగ్రామే క్లోజ్ పిలవలేదు. దానికి గడువంటూ లేదు, ప్రోగ్రాం మూసేదాకా అలాగే ఉంటుంది, కీప్‌అలైవ్ విలువలు ఎంత తగ్గించినా దారికి రాదు. నేరుగా కోడ్‌కు వెళ్లండి. టైమ్-వెయిట్ (మూసేశాక కాసేపు ఆగి ఉండే కనెక్షన్లు) చూసి కంగారు పడొద్దు, లినక్స్‌లో అవి 60 సెకన్లలో పోతాయి.

మెల్లగా కాకుండా ఒక్క క్షణంలో పెరిగితే ఈ సమాధానమంతా పక్కన పెట్టేయండి. 2012 జూలై 1, ఆదివారం పొద్దున 5:30కి లీప్ సెకను (గడియారాలను సరిచేయడానికి అదనంగా కలిపే సెకను) కలిపినప్పుడు ప్రపంచమంతా ఎన్నో లినక్స్ సర్వర్లలో జావా, మైఎస్‌క్యూఎల్ ఒక్కసారిగా సీపీయూ తినేశాయి. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో టైమర్ల లోపం అది. తేదీని మళ్లీ సెట్ చేస్తే చల్లబడింది. అలాంటిదానికి కనెక్షన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే దొరకదు. పెరిగిన తీరే మొదటి సాక్ష్యం అని నేను పదే పదే చెప్పేది అందుకే. వాలుగా పెరిగిందా, మెట్లుగానా, ఒక్క దూకుడా అన్నది ముందు చూడండి.

కోడ్ సరిచేసేదాకా రీస్టార్ట్ కొనసాగించండి, తప్పులేదు. కానీ పది రోజులకోసారి కాదు, రోజూ చేయండి, టైము మార్చండి. పొద్దున ఏడింటికి చేస్తున్నామన్నారు. అది కరెంటు ఉన్న టైము, మోటార్లు నడుస్తుంటాయి. ఆ నిమిషంలో రైతు ఆఫ్ కొడితే వినేవాడు ఉండడు. రాత్రి పదికి, ఫీడర్లన్నీ ఆగాక చేయండి. అప్పుడు జాబితాలో ఉన్నవన్నీ చచ్చినవే కాబట్టి ఎవరికీ నష్టం లేదు. రోజూ చేస్తే మీ ఆఫ్ కమాండ్ ఫిర్యాదులు కూడా ఈ వారంలోనే చాలావరకు ఆగిపోతాయి. అవి ఆగితే సిగ్నల్ కాదని మీకే తెలిసిపోతుంది.

మార్చిన కోడ్‌ను 320 మీద ఒకేసారి వదలొద్దు. ఇంకో పోర్టులో పెట్టి, మీకు బాగా తెలిసిన రైతుల పది డివైస్‌లను దానికి తిప్పండి. చీనీ (బత్తాయి) తోటలకు నీళ్లు పెట్టే రోజుల్లో కాకుండా చూసుకోండి. ఒక డివైస్‌ను ఆఫీసు బల్ల మీద పెట్టుకుని మెయిన్ స్విచ్ ఆపి, వేసి, ఆపి, ఇరవై సార్లు చేయండి. ప్రతిసారీ ఎఫ్‌డి లెక్క ఒకటి పెరిగి మళ్లీ ఒకటి తగ్గాలి. ఇరవై సార్ల తర్వాత ఒక్కటి ఎక్కువున్నా ఇంకా ఎక్కడో వదులుతోందన్నమాట.

అంతా మార్చాక ఒక సాయంత్రం చూడండి. ఫీడర్లు ఆగిన ఐదు నిమిషాలకు ఎఫ్‌డి లెక్క 340 దగ్గర్నుంచి 15, 20కి పడిపోవాలి. పడకపోతే ఎస్‌ఎస్ ఇచ్చిన ఓ పది లైన్లు ఐపీలు చెరిపేసి, పక్కనే ఆ మూడు రోజుల అంకెలు పెట్టండి, నేను చూస్తాను.